ఓకే అయిన టేక్ చేతిలో ఉండగా, పక్కన పెట్టిన టేకుల కోసం ఎందుకు వెతుకుతాం?

పానగల్ శ్రోత (నల్గొండ)

అందరికీ నమస్తే. టేక్ అంటే పాటను ఒకసారి పాడి రికార్డు చేసింది. ఇంగ్లిష్ పాటలతో మొదలుపెడుతున్నాను గానీ, నా ప్రశ్న మన పాటల గురించి కూడా.

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్‌ది ఆంథాలజీ 2 అని 1996లో రెండు సీడీల సెట్టు వచ్చింది. వాళ్ళు రికార్డుల మీద వేయకుండా ఉంచేసిన టేకులు అందులో ఉన్నాయి. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అందులో మూడు దశల్లో వినిపిస్తుంది. ముందు ఆ బ్యాండ్‌లోని జాన్ లెనన్ గిటార్ పట్టుకుని ఒక్కడే పాడుకున్నది, తర్వాత స్టూడియోలో టేక్ 1, ఆ తర్వాత టేక్ 7. మనకు తెలిసిన పాట పల్లవితో మొదలవుతుంది. టేక్ 1లో నేరుగా చరణంలోకి వెళ్ళిపోతాడు. బాకాలు లేవు, సెల్లోలు లేవు. వినగానే ఒళ్ళు జలదరించింది.

అది రికార్డు కన్నా గొప్పగా ఉందని అనడం లేదు. రికార్డు మీది పాట వింటుంటే అది అలా తప్ప ఇంకోలా ఉండే వీలే లేదనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న పాటైతే మరీనూ. టేక్ 1 వింటే ఆ నమ్మకం పోతుంది. ఆ రోజు వాళ్ళు "ఇది చాలు, ఇంటికి పోదాం" అనుకుని ఉంటే లోకానికి తెలిసిన పాట ఇదే అయ్యేది.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' సంగతి ఇంకా ఆశ్చర్యం. 1965 జూన్ 15న మొదలుపెట్టినప్పుడు అది మూడు దెబ్బల తాళంలో, వాల్ట్జ్ నడకలో ఉంది. మర్నాడు నడక మార్చారు. ఆ రోజు నాలుగో టేకే రికార్డుగా బయటికి వచ్చింది. కానీ నాలుగో టేక్ తర్వాత కూడా పాడుతూనే పోయారు! చేతికి చిక్కిందని వాళ్ళకే తెలియదు. 2015లో ఆ సెషన్లన్నీ బయటపెట్టినప్పుడు ఒక సీడీ మొత్తం ఈ ఒక్క పాటకే ఇచ్చారు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా విన్నాను. నాలుగో టేక్ దాటిన తర్వాత వచ్చే టేకులు వింటుంటే టెన్షన్ వచ్చేసింది, వెనక్కి రండి అని అరవాలనిపించింది.

మీలో ఇలాంటి టేకులు వినేవాళ్ళున్నారా? మీకు అందులో ఏం దొరుకుతుంది? మన తెలుగు పాటలకు ఇలాంటివి ఎక్కడైనా మిగిలాయా?

మిర్యాలగూడ మాస్టారు

తమ్ముడూ, నాది వేరే అభిప్రాయం, చెప్తే ఏమీ అనుకోవద్దు. నేను ఘంటసాల గారి పాటలు విని పెరిగినవాణ్ణి. ఒక పాట ఓకే అయ్యేముందు ఆయన ఎలా పాడారో నాకు అక్కర్లేదు. ఆయన, సంగీత దర్శకుడు కూర్చుని, విని, ఇదీ మన పాట అని జనం చేతిలో పెట్టారు. మిగిలినవి వద్దనుకున్నారు. వద్దనుకున్నవాటిని ఆయన లేనప్పుడు బయటికి తీసి వినడం నాకు సబబుగా అనిపించదు. కవి కొట్టేసిన పంక్తులను అచ్చు వేసినట్టే కదా?

ఇంకొకటి. ఆ కాలంలో మద్రాసు స్టూడియోల్లో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒకే హాల్లో కూర్చుని పాట మొత్తం ఒకేసారి తీసేవారు. ఒక్క వయొలిన్ తప్పినా మళ్ళీ అందరూ మొదటి నుంచి. ఆ కష్టమంతా ఆఖరి టేకులోనే ఉంది. దాన్ని గౌరవిస్తే చాలు.

సూర్యాపేట 78

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే రాస్తున్నాను. నా దగ్గర మా తాత ఇచ్చిపోయిన 78 స్పీడు రికార్డులు కొన్ని ఉన్నాయి. వాటితో గడిపేవాళ్ళకు ఓకే అయిన టేక్ అంటే ఏమిటన్నది మీరు చెప్పినంత తేలిగ్గా తేలదు.

టేపు రాకముందు పాటను నేరుగా మైనపు పళ్ళెం మీద కోసేవారు. పాడింది చెరిపేసే వీల్లేదు, అతికించే వీల్లేదు. పాడటం అయిపోతే ఆ పళ్ళెం ఒక టేక్. దెబ్బ తగులుతుందేమో, అచ్చులో పోతుందేమో అన్న భయంతో చాలా చోట్ల రెండో టేక్ కూడా తీసి పెట్టేవారు. 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ పాడిన రికార్డుల చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని ఆమే చెప్తుంది. రికార్డుల అచ్చు జర్మనీలో, హానోవర్‌లో జరిగేది. ఏ పళ్ళెం ఎవరిదో అక్కడివాళ్ళకు తెలియాలి కదా. ఇప్పుడు వినేవాళ్ళలో చాలామందికి పాట కన్నా ముందు ఆ ఒక్క మాటే గుర్తుంటుంది. అది పాటలో భాగం కాదు, పని కోసం చెప్పిన మాట.

అమెరికాలో రాబర్ట్ జాన్సన్ అని బ్లూస్ గాయకుడు. 1936, 1937లో రెండు చోట్ల పాడాడు. 29 పాటలు, దొరికిన టేకులు మొత్తం 42. అంతే, మనిషి 1938లో పోయాడు. 'కమ్ ఆన్ ఇన్ మై కిచెన్' రెండు సార్లు పాడాడు. అప్పట్లో కంపెనీ వేసింది వేగంగా ఉన్నదాన్ని. నెమ్మదిగా, గుండెలోంచి లాగినట్టు పాడిన టేక్ 1961లో ఎల్‌పీ (చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు) వచ్చేదాకా ఎవరూ వినలేదు. ఇవాళ ఆ పాట పేరు చెప్తే తెలిసినవాళ్ళకు గుర్తొచ్చేది ఆ నెమ్మదైన టేకే. మరి ఏది ఓకే టేక్? నిర్ణయించింది గాయకుడా, అమ్ముడుపోవాలని చూసిన కంపెనీయా?

ఇక మన ఘంటసాల గారి సంగతి. 78 రికార్డు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. సినిమాలో పాట పొడుగైతే రికార్డు కోసం కుదించేవారు, లేదా రెండు వైపులా పంచేవారు. అందుకే పాత సినిమాలు చూస్తూ రికార్డులూ వినేవాళ్ళకు తేడాలు దొరుకుతూనే ఉంటాయి. ఇంకో దారి కూడా ఉంది మాస్టారూ, మీకు తప్పకుండా నచ్చుతుంది. 'దేవదాసు' 1953లో తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. రెండింటిలోనూ ఘంటసాల గారే పాడారు. 'మాయాబజార్' కూడా అంతే. 'లాహిరి లాహిరి' బాణీ తమిళంలోనూ ఘంటసాల, లీల గార్లదే. అదే బాణీ, అదే గొంతు, ఇంకోసారి పాడటం. తమిళం రాకపోయినా రాత్రిపూట రెండూ పక్కపక్కన పెట్టి వినండి. తమిళ మాటకు తగ్గట్టు ఎక్కడ సంగతి కుదించారో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో తెలుస్తుంది. పక్కన పెట్టిన టేకులు మనకు దాచిపెట్టకపోయినా, ఆయన చేతిలో పాట ఎన్ని విధాలుగా ఒదుగుతుందో ఇది చూపిస్తుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు!

మిర్యాలగూడ మాస్టారు

తమిళ దేవదాసు నేను వినలేదు. వింటాను. అది వేరే పాట కిందే లెక్క నాకు, అయినా వింటాను.

గద్వాల గిటార్

నాకైతే పాట మధ్యలో మాటలే ఇష్టం. 'అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్' టేక్ 2లో లెనన్, అదే బ్యాండ్‌లోని మెకార్ట్నీ నవ్వు ఆపుకోలేకపోతారు, పాట మొత్తం నవ్వుతూనే పాడతారు. అది కూడా ఆంథాలజీ 2లోనే ఉంది. మనకు దేవుళ్ళలా కనిపించేవాళ్ళు మన హాస్టల్ పిల్లల్లా వినిపిస్తారు.

మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' ఇంట్లో చేసుకున్న డెమో, అంటే నమూనా రికార్డింగు (1981ది, 2001లో వచ్చింది) వినండి అన్నా. మాటలు ఇంకా సగమే రాసుకున్నాడు. రానిచోట ఏదో ఒక శబ్దంతో నింపుకుంటూ పోతాడు. కానీ బీట్ అప్పటికే పక్కా. మన దగ్గర సంగీత దర్శకులు రచయితకు తననన అని బాణీ ఇస్తారు కదా, అచ్చం అదే. ఆ తననన రికార్డింగులు ఎవరైనా దాచి ఉంటే కోట్ల విలువ!

వనపర్తి వీణ

పానగల్ తమ్ముడూ, మంచి విషయం ఎత్తావు. నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు పిల్లలకు చెప్తున్నాను. నాకు ఈ చర్చలో ఒక మాట మాత్రం నచ్చట్లేదు. గరుకుగా ఉన్నదే నిజం, నునుపుగా ఉన్నది అబద్ధం అన్న భావన ఇలాంటి టేకులు ఇష్టపడేవాళ్ళలో చాలామందికి ఉంటుంది.

గ్లెన్ గూల్డ్ అనే పియానిస్టు 1955 జూన్‌లో బాక్ అనే స్వరకర్త రచన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రికార్డు చేశాడు. ఆ సెషన్ల టేపులన్నీ 2017లో బయటికి వచ్చాయి. అందులో మొట్టమొదట వచ్చే చిన్న భాగం, ఆరియా అంటారు, చాలా సరళంగా ఉంటుంది. దానికి సరైన టేక్ రావడానికి ఇరవై సార్లు పట్టిందని, 21వది పనికొచ్చిందని ఆయనే రాశాడు. కారణం చూడండి. మొదటి టేకుల్లో భావం ఎక్కువైపోయింది. ఆ అదనపు భావాన్ని తీసేయడానికి అన్నిసార్లు వాయించాల్సి వచ్చిందట. అంటే అక్కడ మొదటి టేక్ అమాయకమైనది కాదు, నటన ఎక్కువున్నది. ఆఖరిదే నిరాడంబరమైనది.

మా దగ్గరా ఇంతే. పిల్లలు కృతి మొదటిసారి పాడినప్పుడు వచ్చినన్ని గమకాలూ పెట్టేస్తారు. నాలుగు నెలలు పోతే సగం వాళ్ళే తీసేస్తారు. అప్పుడే రాగం వినిపిస్తుంది. అందుకని పాత టేకులు వినేటప్పుడు నేను పచ్చిదనం కోసం వెతకను. ఏం తీసేశారు, ఎందుకు తీసేశారు అని చూస్తాను. అది తెలిస్తే ఆఖరి టేక్ మీద ప్రేమ పెరుగుతుంది, తగ్గదు. మాస్టారు గారు ఈ కోణంలో ఆలోచిస్తే ఆయనకూ నాకూ పెద్ద తేడా లేదనిపిస్తోంది.

కచేరీ విషయం వేరు. అక్కడ టేకే లేదు. అదే కృతి, అదే విద్వాంసుడు, వేరే ఊరు, వేరే రోజు అంటే అప్పటికప్పుడు అల్లే నెరవల్ (సాహిత్యం మీద), స్వరకల్పన (స్వరాలతో) వేరు. అందుకే కర్ణాటక సంగీతం వినేవాళ్ళు ఒకే కృతికి పది రికార్డింగులు దాచుకుంటారు, దాన్ని ఎవరూ వింతగా చూడరు.

గద్వాల గిటార్

అక్కా, గూల్డ్ సంగతి నాకు కొత్త. ఇవాళే వింటాను.

జడ్చర్ల సౌండ్

అన్నలకు, అక్కకు నమస్తే. నాది చిన్న రికార్డింగ్ గది, ఎక్కువగా యూట్యూబ్ చానళ్ళకు జానపదాలు చేస్తుంటాం. రోజూ టేకుల మధ్యే బతుకు కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ఇప్పుడు సినిమా పాటల్లో మీరు చెప్పే అర్థంలో టేక్ అన్నది దాదాపు లేదు. క్లిక్ (తాళం కోసం చెవిలో టిక్ టిక్) పెట్టి పాడిస్తాం, ఒక్కో లైను పదేసి సార్లు పాడిస్తాం, ఒక టేకులోంచి ఒక మాట, ఇంకో టేకులోంచి ఇంకో మాట తీసి కుడతాం. దీన్ని కాంపింగ్ అంటారు. శ్రుతి కొంచెం అటూ ఇటూ ఉంటే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. మీరు వినే పాటను ఆ గాయకుడు మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా పాడి ఉండడు. అన్ని ముక్కలూ హార్డ్ డిస్కులో ఉంటాయి, కానీ రేపు ఎవరైనా ఔట్‌టేకులు (పక్కన పెట్టిన టేకులు) వేస్తామంటే వేయడానికి ముక్కలు తప్ప పాటలుండవు.

డప్పు పాటలకు మాత్రం ఇది కుదరదు. ఎందుకంటే డప్పు శ్రుతి నిలవదు. చర్మం చల్లబడితే, గాలిలో తేమ ఉంటే దిగిపోతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. రెండు టేకుల మధ్యలో డప్పు వాయించేవాళ్ళు వెనక పెరట్లోకి పోయి ఎండుటాకులు, కాగితాలు ముట్టించి కాచుకుని వస్తారు. వేలితో తట్టి చూసుకుంటారు, టంగుమంటే లోపలికి వస్తారు. వచ్చిన వెంటనే తీసిన టేకులో మోత కంచులా ఉంటుంది. అదే టేక్ చివరికి వచ్చేసరికి కొంచెం మెత్తబడుతుంది. కాబట్టి మొదటి టేక్ చరణం, రెండో టేక్ పల్లవి కలిపి కుడదామంటే అతుకు దగ్గర చెవికి తెలిసిపోతుంది. అందుకే మా దగ్గర జానపదం అంటే మొత్తం ఒకే టేక్. గాయకుడు దగ్గినా సరే, బాగుంటే అదే ఉంచుతాం.

ఇంకో ముచ్చట. ఊళ్ళలో పాడి వచ్చినవాళ్ళకు ఏ రెండు టేకులూ ఒకేలా రావు. ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూసి మాట మారుస్తారు. మా అసిస్టెంటు పిల్లవాడు కునుకు తీస్తుంటే ఒకాయన ఆ సంగతిని కూడా చరణంలో కలిపేశాడు! చానల్ వాళ్ళు అది వద్దన్నారు. నేను మాత్రం దాచిపెట్టుకున్నా.

పానగల్ శ్రోత (నల్గొండ)

జడ్చర్ల అన్నా, మీరు చెప్పిన అతుకు సమస్యే నేను పైన రాసిన 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పాటలో ఉంది. పాట మొదటి నిమిషం టేక్ 7, మిగిలినది టేక్ 26. మొదటిది బ్యాండ్ మాత్రమే వాయించింది. రెండోది బాకాలు, సెల్లోలతో మళ్ళీ చేసింది. లెనన్‌కు ఒకదాని మొదలు, ఇంకోదాని చివర నచ్చాయి. రెండింటినీ కలపమన్నాడు. శ్రుతి వేరు, వేగం వేరు. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ కలిసి ఒక టేపును కొంచెం వేగంగా, ఇంకోదాన్ని కొంచెం నెమ్మదిగా తిప్పి చూశారు. అదృష్టం కొద్దీ ఎక్కువ శ్రుతి ఉన్నదే వేగంగా కూడా ఉంది. కాబట్టి వేగం తగ్గిస్తే శ్రుతీ తగ్గి రెండూ ఒక చోట కలిశాయి. 1966 డిసెంబర్ ఆఖర్లో జరిగిందిది. సరిగ్గా నిమిషం దగ్గర చెవి పెట్టి వింటే అతుకు దొరుకుతుంది. ఒకసారి విన్నాక ఇక వినకుండా ఉండలేం.

డప్పుకు ఈ పద్ధతి వాడితే?

జడ్చర్ల సౌండ్

మొత్తం పాటకు వాడితే గాయకుడి గొంతు మారిపోతుంది తమ్మీ. లెనన్ గొంతు ఆ పాటలో మత్తుగా, వింతగా ఉండటానికి అదే కారణం అయ్యుండాలి, వేగం తగ్గించారు కాబట్టి. అక్కడ ఆ వింత గొంతే పాటకు కలిసొచ్చింది. మా దగ్గర డప్పు ఒక మైకులో, గొంతు ఒక మైకులో విడిగా పట్టినా, గది చిన్నది కాబట్టి డప్పు గొంతు మైకులోకి కూడా దూరుతుంది. విడదీయలేం.

నాగర్‌కర్నూల్ చెట్టు

మీ అందరి మాటలూ చదువుతుంటే మా వైపు కిన్నెర అనే తీగల వాద్యం గుర్తొచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారిది మా జిల్లానే. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు, కిన్నెర వినిపించగానే రాష్ట్రమంతా ఎవరీయన అని అడిగింది. కానీ మా వైపు కిన్నెర విన్నవాళ్ళకు ఆ కొద్ది సెకన్లు ఏ మూలకూ చాలవు. పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే ఎంతసేపు సాగుతుందో కథ చెప్పేవాడికే తెలియదు. వినేవాళ్ళు ఊఁ కొడితే పెరుగుతుంది, లేస్తే తగ్గుతుంది.

పాటకు ఒకే రూపం ఉండాలన్న ఆలోచన మన ఊళ్ళకు రికార్డుతో పాటే వచ్చింది. 'బండెనక బండి గట్టి' తీసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట, మీ నల్గొండ వైపుదే. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడారు, 1980లో జనం చూశారు. ఆ సినిమా పాట ఎంత గొప్పదో చెప్పనక్కర్లేదు. కానీ ఆ తర్వాత పుట్టినవాళ్ళలో చాలామందికి ఆ పాట అంటే అదొక్కటే. అంతకుముందు ఊరూరా ఎన్ని చరణాలు కలిసి ఉంటాయో, ఎన్ని పోయాయో. తెలంగాణ ఉద్యమం నాడు మళ్ళీ మాటలు మార్చుకుని పాడుకున్నాం, అప్పుడే అది మళ్ళీ మన చేతికొచ్చింది. గోరటి వెంకన్న గారు 'పల్లె కన్నీరు పెడుతుందో' సభలో పాడితే విన్నవాళ్ళకు తెలుసు, సినిమాలో ఉన్న నిడివిలో ఆ పాట ఇమడదు.

కాబట్టి పానగల్ తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదీ. ఔట్‌టేక్ వింటే మనకు ఎందుకంత బాగుంటుందంటే, అచ్చు పడి బిగుసుకుపోయిన పాట అక్కడ మళ్ళీ కదులుతుంది. మన తాతలు పాటను అలా కదులుతుండగానే విన్నారు.

మిర్యాలగూడ మాస్టారు

నాగర్‌కర్నూల్ బాబు చెప్పింది జానపదానికి నిజం, ఒప్పుకుంటాను. సినిమా పాట జానపదం కాదు. దానికి కర్తలున్నారు. వాళ్ళ ఇష్టం అడగాలి. ప్రిన్స్ అనే అమెరికన్ గాయకుడు 2016లో చనిపోయాక ఆయన ఇనప గదిలో దాచుకున్న టేపులు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయని మా అబ్బాయి చెప్పాడు. తాళం వేసి దాచుకున్నాడంటే ఏమిటి అర్థం? ఎవరైనా చెప్పండి.

సూర్యాపేట 78

మాస్టారూ, చెరిపేయకుండా తాళం వేశాడంటే పారేయాలనుకోలేదని నేను అర్థం చేసుకుంటాను. పారేయాలనుకునేవాడికి అయస్కాంతం చాలు. అయితే ఒక్కటి మాత్రం మీతో ఏకీభవిస్తాను. కొన్ని ఔట్‌టేకులు ప్రేమతో వచ్చినవి కావు. యూరప్‌లో 2011లో చట్టం మార్చి రికార్డింగుల హక్కును 50 ఏళ్ళ నుంచి 70కి పెంచారు. కానీ 50 ఏళ్ళలోపు విడుదల చేయని టేపులకు ఆ పొడిగింపు లేదు. దాంతో 2012లో డిలాన్ పాత టేపులను ఓ వంద సెట్ల చొప్పున అచ్చేసి అమ్మారు, హక్కు పోకుండా ఉండటానికి. 2013 డిసెంబర్‌లో బీటిల్స్‌వి 59 రికార్డింగులు ఐట్యూన్స్‌లో పెట్టారు. ఎవరికోసం అనే ప్రశ్న అక్కడ న్యాయమే. వరసగా పది టేకులు, ఏ వివరమూ లేకుండా గుమ్మరిస్తే వినేవాడికి కూడా అన్యాయం. ఏ రోజుది, ఎవరు వాయించారు, తర్వాత ఏం మారింది అన్నది రాసి ఇస్తేనే దానికి విలువ.

దేవరకొండ క్యాసెట్టు

ఈ చర్చ చదివి ధైర్యం చేసి రాస్తున్నాను. మా మేనమామ ఊళ్ళో భజన, కోలాటం పాటలు పాడేవారు, కొన్ని సొంతంగా కట్టేవారు. ఫ్లోరైడ్ నీళ్ళ మీద ఒక పాట కట్టారు. మర్రిగూడ వైపు ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే, కాళ్ళు వంకరపోయిన పిల్లలు, నలభై ఏళ్ళకే నడుము వంగిన పెద్దవాళ్ళు. ఆ పాటను ఒక ఇంట్లో టూ ఇన్ వన్ పెట్టి రికార్డు చేశారు. ఆ క్యాసెట్ ఇప్పుడు నా దగ్గరుంది. సీ 60, అంటే రెండు వైపులా కలిపి గంట పట్టేది. ఎ వైపు ఒకసారి పాడారు, బి వైపు మళ్ళీ అదే పాట. మామ ఇప్పుడు లేరు. కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. బి వైపు ఒకటే ఉంచి, మాటలు, దగ్గులు, కుర్చీల చప్పుడు తీసేసి శుభ్రంగా ఒక పాటగా చేద్దామని మా ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జడ్చర్ల సౌండ్

అన్నా, దయచేసి ఏదీ తీసేయకండి. ముందు మొత్తం ఎక్కించండి, తర్వాత ఇంట్లోవాళ్ళ కోసం శుభ్రమైన కాపీ ఇంకోటి చేసుకోవచ్చు.

మొదట క్యాసెట్ తెరిచి చూడండి. తెల్లటి బూజు ఉంటే డెక్కులో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టొద్దు, నాకు పంపండి. టేపును చదివే హెడ్డుకు ఆనే చోట చిన్న స్పంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే ధ్వని మసకగా వస్తుంది. ఆ ముక్కతో సహా ఇంకో మంచి క్యాసెట్ డబ్బాలోకి టేపును మార్చుకోవచ్చు. చాలా ఏళ్ళు కదలని టేపు కాబట్టి ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాక ప్లే చేయండి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. స్స్ అనే శబ్దాలు పదునుగా వినిపించేదాకా దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పాలి. ఏ యంత్రం మీద రికార్డు చేశారో దాని హెడ్డు వాలుకు మన హెడ్డు సరిపోవాలి. డాల్బీ (టేపు రొదను తగ్గించే బటన్) ఆఫ్. కంప్యూటర్‌లో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. నాయిస్ రిడక్షన్ వద్దు.

సూర్యాపేట 78

ఇంట్లో ఉన్న కాపీని తక్కువ అంచనా వేయకండి. అమెరికా జాజ్ సంగీతకారుడు జాన్ కాల్ట్రేన్ 1963 మార్చి 6న ఒక ఆల్బమంత సంగీతం వాయించాడు. కంపెనీ దగ్గరున్న అసలు టేపు పోయింది. ఆయన ఇంటికి తెచ్చుకున్న కాపీ మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర ఉండిపోయింది. 2018లో దాని నుంచే విడుదల చేశారు. మీ మామ పాటకు కంపెనీ టేపే లేదు. ఉన్నది ఈ క్యాసెట్ ఒక్కటే.

దేవరకొండ క్యాసెట్టు

బూజు లేదు. జడ్చర్ల అన్న చెప్పినట్టే ఎక్కించాను. రెండు వైపులూ పాడింది ఒకే పాట అయినా తేడాలున్నాయి. ఎ వైపు దాంట్లో మామ మా ఊరి పేరు పెట్టి పాడారు, మా వీధిలో ఒక ముసలమ్మ సంగతి కూడా ఒక చరణంలో ఉంది. బి వైపు దాంట్లో ఊరి పేరు లేదు, ఆ చరణం లేదు. ఏది ముందు పాడారో తెలియట్లేదు. ఎ అని రాసి ఉన్నంత మాత్రాన అదే ముందని చెప్పలేం, మా ఇంట్లో ఏ వైపు ఖాళీ ఉంటే ఆ వైపు రికార్డు చేసేవారు. ఇంకోటి, బి వైపు శ్రుతి కొంచెం తక్కువగా అనిపిస్తోంది.

వనపర్తి వీణ

తక్కువ అనిపించేది గొంతా, హార్మోనియమా, మొత్తమా? అది ముందు తేల్చుకోండి. మొత్తం తగ్గితే టేపు వేగంలో తేడా. పెద్ద పెద్ద రికార్డులకే ఇది జరిగింది. 1959లో జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బం ఒక వైపు పాటలు మూడూ రికార్డింగ్ యంత్రం నెమ్మదిగా తిరగడం వల్ల కొంచెం ఎక్కువ శ్రుతిలో అచ్చయ్యాయి. 1992లో గానీ సరిచేయలేదు.

జడ్చర్ల సౌండ్

అక్క కరెక్ట్‌గా చెప్పారు. మీ టూ ఇన్ వన్ బ్యాటరీల మీద నడిచి ఉంటే, బ్యాటరీ దిగుతున్నప్పుడు టేపు నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో ప్లే చేస్తే శ్రుతి పెరిగినట్టు, పాట తొందర పడినట్టు వినిపిస్తుంది. తగ్గినట్టు కాదు. హార్మోనియం ఉందా టేపులో? ఉంటే అదే మన సాక్షి, దాని శ్రుతి ఆ పూటకు మారదు. రెండు వైపుల్లోనూ హార్మోనియం ఆధార షడ్జం (మూల 'స') ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. అది రెండు చోట్లా ఒకటే అయి, డప్పు కూడా ఉండి అది మాత్రం దిగి ఉంటే, మధ్యలో కాచకుండా పాడిన రెండో టేక్ అదే అయ్యే అవకాశం ఎక్కువ.

దేవరకొండ క్యాసెట్టు

చూశాను అన్నా. హార్మోనియం రెండు వైపులా ఒకటే. డప్పే దిగింది. ఎ వైపు పాట మొదట్లో డప్పు టంగుమంటోంది, చివరికి మెత్తబడింది. బి వైపు మొదలయ్యేది ఇంచుమించు ఆ మెత్తదనంతోనే.

అంటే ఊరి పేరు పెట్టి పాడింది ముందు. తీసేసి పాడింది తర్వాత.

ఎ వైపు పాట అయిపోయాక ఎవరో మాట్లాడారు. మామ కాదు, వేరే గొంతు. "అన్ని ఊళ్ళకూ పనికిరావాలె గదా" అన్నట్టు వినిపిస్తోంది. దానికి మామ ఏదో జవాబిచ్చారు, నాకు సరిగ్గా అర్థం కాలేదు. తర్వాత బటన్ నొక్కిన చప్పుడు.

పానగల్ శ్రోత (నల్గొండ)

అన్నా, ఆ ముసలమ్మ చరణం ఇక్కడ టైప్ చేయగలరా? మీ ఇంట్లోవాళ్ళకు అభ్యంతరం లేకపోతేనే.

మిర్యాలగూడ మాస్టారు

ఇంట్లో అడగండి, ఆ ముసలమ్మ వాళ్ళింట్లో కూడా అడగండి. వాళ్ళు సరే అంటే చదవాలని నాకూ ఉంది.

జడ్చర్ల సౌండ్

ఆ మాటలున్న ముక్క, పాట చివరి నుంచి బటన్ చప్పుడు దాకా, విడిగా ఫైల్ చేసి పంపండి. సౌండ్ పెంచకుండా, ఏ ఫిల్టరూ వేయకుండా పంపండి. హెడ్‌ఫోన్లో కూర్చుని విని, మామ ఏమన్నారో రాసి పెడతా.

దేవరకొండ క్యాసెట్టు

పంపాను అన్నా. ముసలమ్మ మనవరాలు మా ఊళ్ళోనే ఉంది, సాయంత్రం వెళ్ళి అడుగుతాను.